చిన్న తెరేజమ్మ దారిలో నడవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీకు బాగా చిరాకు తెప్పించే మనిషి ఒకరుంటారు. గొంతు వినబడగానే మన మొహం మారిపోతుంది చూడండి, ఆ మనిషి. ఈ భక్తి నేర్చుకోవాలనుకుంటే ఆ మనిషితోనే మొదలుపెట్టండి. మనల్ని బాగా చూసుకునేవాళ్లను మనమూ బాగా చూసుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. మిమ్మల్ని ప్రేమించేవాళ్లనే మీరు ప్రేమిస్తే ఏం లాభం, పన్నులు వసూలు చేసే సుంకరులు కూడా ఆ పని చేస్తారు కదా అని యేసు ప్రభువే అడిగాడు. నా ఉద్యోగం ఒక ఆఫీసు కౌంటర్లో కూర్చుని జనం దగ్గర డబ్బు కట్టించుకోవడం. కాబట్టి సుంకరుల మాట వచ్చినప్పుడల్లా నాకు కొంచెం ఎక్కువే తగులుతుంది.

ఆదివారం పూజ అయ్యాక చర్చి బయట నిలబడి మాట్లాడుకునేటప్పుడు తరచూ వినబడే మాట ఒకటుంది. "మాకు గంటలు గంటలు ప్రార్థన చేసే టైం లేదు. ఉపవాసాలు ఉండే ఓపిక లేదు. ఏదో మాకు తోచిన చిన్న సాయం చేస్తుంటాం, దేవుడు అర్థం చేసుకుంటాడులే." ఈ మాటలో నాకు నచ్చనిది చివరి ముక్క. పెద్ద భక్తి చేతకాని వాళ్లకు దేవుడు ఇచ్చే కన్సెషన్ అన్నట్టుగా చిన్న పనుల గురించి మాట్లాడతాం. ఈ దారిని లోకానికి చూపించిన అమ్మాయి కథ తెలిస్తే అలా అనలేం.

ఆమె లిసియు పట్టణపు పునీత చిన్న తెరేజమ్మ. తెరేజమ్మలు చాలామంది ఉన్నారు కాబట్టి ముందు ఇది సరిచేసుకుందాం. పెద్ద తెరేజమ్మ 16వ శతాబ్దంలో స్పెయిన్‌లోని ఆవిలాలో కార్మెల్ అనే సన్యాస సభ మఠాలను సంస్కరించిన ఆవిడ. కోల్‌కతాలో 1950లో మిషనరీస్ ఆఫ్ చారిటీ స్థాపించిన మదర్ తెరీసా మన కాలపు మనిషి. ఆవిడ తన పేరును చిన్న తెరేజమ్మ నుంచే తీసుకుంది. చిన్న తెరేజమ్మ ఫ్రాన్స్‌లో 1873 జనవరి 2న పుట్టింది. పదిహేనేళ్లకు, 1888లో, లిసియులోని కార్మెల్ మఠంలో చేరింది. 1897 సెప్టెంబర్ 30న క్షయతో చనిపోయేనాటికి వయసు ఇరవై నాలుగు. చేరినప్పటి నుంచీ ఆ మఠం గోడలు దాటి బయట పనిచేసిందే లేదు. బడి పెట్టలేదు, ఆసుపత్రి కట్టలేదు. అయినా 1925లో తిరుసభ, అంటే కతోలిక సంఘం, ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. 1927లో వేదప్రచారానికి పాలక పునీతురాలిని చేసింది. 1997లో రెండో జాన్ పాల్ పాపుగారు ఆమెకు తిరుసభ పండితురాలన్న బిరుదు ఇచ్చారు.

మహా పునీతుల మెట్లు ఎక్కే శక్తి తనకు లేదని ఆమె ఒప్పుకుంది. ధనవంతుల ఇళ్లలో అప్పుడప్పుడే లిఫ్టులు వస్తున్న రోజులవి. నాకూ ఒక లిఫ్టు కావాలి, అది యేసు ప్రభువు చేతులే, వాటిలోకి ఎక్కాలంటే నేను పెద్దదాన్ని కానక్కర్లేదు, చిన్నదానిగానే ఉండాలి అనుకుంది. "చిన్న మార్గం" అనే మాటకు అసలు అర్థం ఇదే. దేవుడే ఎత్తుకుంటాడన్న నమ్మకం ముందు, పనులు తర్వాత. ఈ వరస తలకిందులైతే రోజూ పుణ్యం లెక్కలు రాసుకునే గుమాస్తాల్లా తయారవుతాం. ఆ పని నాకు ఆఫీసులో ఉన్నది చాలు.

ఆ మనిషి దగ్గర ఏం చేయాలి

తెరేజమ్మ మఠంలో ఒక సిస్టర్ ఉండేది. ఆమె మాట తీరు, పద్ధతులు, స్వభావం ఏదీ తెరేజమ్మకు నచ్చేది కాదు. ఇది తెరేజమ్మ తనే రాసుకున్న మాట. ఇష్టం కలగనీయమని ప్రార్థిస్తూ కూర్చోలేదు ఆమె. నాకు అందరికంటే ఇష్టమైన మనిషికి ఏం చేస్తానో అదే ఈమెకూ చేస్తాను అని నిర్ణయించుకుంది. ఎదురుపడిన ప్రతిసారీ ఆ సిస్టర్ కోసం ప్రార్థించింది. వీలైన సాయమల్లా చేసింది. నోటిదాకా గట్టి జవాబు వచ్చినప్పుడు నవ్వి మాట మార్చింది. కొన్నాళ్లకు ఆ సిస్టరే సంతోషంగా అడిగిందట, "నాలో నీకు అంతగా నచ్చేదేమిటి? నన్ను చూసినప్పుడల్లా నవ్వుతావు" అని.

ఇందులో మనం పట్టుకోవాల్సింది ఇష్టానికీ ప్రేమకూ ఉన్న తేడా. ఇష్టం మన చేతిలో లేదు. చేతులు, నోరు, మొహం మన చేతిలో ఉన్నాయి. మనసులో చిరాకు ఉండగా నవ్వితే నటన అవుతుందేమోనని కొందరికి అనుమానం. ఆ మనిషి వల్ల ఏదైనా లాభం పొందాలని నవ్వితే అది నటన. ఆ మనిషి మేలు కోరి నవ్వితే, మనసు ఇంకా అక్కడికి చేరకపోయినా అది అబద్ధం కాదు. ప్రేమ దీర్ఘకాలము సహించును, దయ చూపించును అని పౌలు కొరింథీయులకు రాసినప్పుడు కూడా ప్రేమ ఏం చేస్తుందో, ఏం చేయదో చెప్పాడు. అది ఎలా అనిపిస్తుందో చెప్పలేదు.

నేను చేసే పద్ధతి చెబుతాను. పొద్దున బయల్దేరే ముందు, ఆ మనిషి మొహం ఎదురుగా లేనప్పుడే, పేరు తలుచుకుని ఒక్క మాట ప్రార్థిస్తాను. "ప్రభువా, ఫలానా మనిషికి ఈ రోజు మంచి జరగనీ." అంతే. "ఆమెను మార్చు ప్రభువా" అని మాత్రం అడగను. అలా అడిగితే రోజంతా మారిందా లేదా అని చూస్తూ కూర్చుంటాం. ఎదురుపడ్డాక నాకు నేను పెట్టుకున్న నియమం, ఆమె వాక్యం పూర్తయ్యేదాకా ఆగడం. ఇది చదవడానికి చాలా తేలిక. మీరు చిరాకుపడే మనిషి వాక్యాన్ని మధ్యలో ఎన్నిసార్లు మీరే పూర్తి చేస్తున్నారో రేపు గమనించండి. ఇంకొకటి, కాగితాలు అందించే తీరు. కోపంగా ఉన్నప్పుడు ఫైలు బల్ల మీదకు జారవిడుస్తాం. చేతికి ఇవ్వండి. ఆఫీసులో ఇంతకంటే చిన్న పని నాకు తెలియదు, ఇంతకంటే కష్టమైనవి కూడా తక్కువే.

వేళా చోటూ ముందే అనుకోండి

"ఈ రోజు నుంచి అందరితో ప్రేమగా ఉంటాను" అన్న నిర్ణయం మొదటి ఫోన్ కాల్ దాకా కూడా ఆగదు. ఎవరికి, ఎన్నింటికి, ఎక్కడ అన్నది తేల్చుకుంటే నిలుస్తుంది.

మఠంలో సెయింట్ పియర్ అనే పెద్దవయసు సిస్టర్ ఉండేది. జబ్బుమనిషి, సణుగుడు ఎక్కువ. సాయంత్రం ఆరు కావడానికి పది నిమిషాల ముందు ఆమెను ప్రార్థన మందిరం నుంచి భోజనశాలకు నడిపించుకుని వెళ్లాలి. అది కష్టమైన పని, ఆమెను మెప్పించడం అసాధ్యమని తెలిసి కూడా అప్పటికి కుర్రదైన తెరేజమ్మ తనకు తానుగా ఒప్పుకుంది. వేళ కాగానే ఆ ముసలావిడ చేతిలోని ఇసుక గడియారం ఊపేది, ఇక బయల్దేరదాం అని. ముందు స్టూలు తీసి పట్టుకోవాలి, అదీ ఆవిడ చెప్పిన తీరులోనే. తొందరపడకూడదు. వెనక నుంచి నడికట్టు పట్టుకుని నడవాలి. కాస్త తడబడితే "సరిగ్గా పట్టుకోవడం లేదు, పడిపోతున్నాను" అనేది. నెమ్మదిగా నడిస్తే "నీ చెయ్యి తగలడం లేదు, వదిలేశావు" అనేది. నీలాంటి చిన్నపిల్ల నాకు సాయం చేయలేదని ముందే చెప్పానుగా అని దెప్పేది. భోజనశాలలో కూర్చోబెట్టాక అంగీ చేతులు మడత పెట్టాలి, అది కూడా ఆవిడకు నచ్చినట్టే.

ఇక్కడిదాకా అప్పగించిన పని. దీని తర్వాత జరిగినదే నాకు ఇష్టం. వంకర తిరిగిన చేతులతో ఆవిడ రొట్టె ముక్కలు చేసుకోలేక అవస్థపడటం తెరేజమ్మ గమనించింది. ఎవరూ అడగలేదు, ఆవిడా అడగలేదు. ఆ రోజు నుంచి రొట్టె కోసి ఇచ్చి, వెళ్లేముందు మంచి నవ్వు ఒకటి నవ్వి వెళ్లేది. ఆ ముసలావిడ మనసు గెలిచింది ఆ నవ్వేనని తర్వాత తెలిసిందట.

నిత్యం ఒకే వేళకు ఒకే మనిషికి చేసే పనిలో ఈ లాభం ఉంది. మొదట్లో పని మాత్రమే కనిపిస్తుంది. కొన్నాళ్లకు మనిషి కనిపిస్తుంది. అందుకే మంచి పని దొరికితే చేద్దామని వెతుక్కుంటూ తిరగడం కంటే, ఇప్పటికే మీ మెడకు చుట్టుకున్న పనుల్లో ఒకటి తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రలు ఇవ్వడం, పిల్లాడికి హోంవర్క్ చెప్పడం, వారానికోసారి ఎవరికో చేయాల్సిన ఫోన్. కొత్త పని కలపకండి. ఉన్న పనిలోనే ఆ మనిషి అడగని ఒక్క విషయం గమనించి చేయండి.

గమనించడం నేర్చుకోవడానికి నేను వాడే చిట్కా, మొహం కంటే ముందు చేతులు చూడటం. మా కౌంటర్‌కి ఒక పెద్దాయన వస్తుంటారు. ఆయనకు మేమంతా దొంగలం. ఎంత మర్యాదగా మాట్లాడినా ఏదో ఒక వంక పెడతారు. మొహం చూస్తే నాకూ మాట తిరగేయాలనిపిస్తుంది. చేతులు చూస్తే అవి వణుకుతుంటాయి. సంతకం గడిలో పట్టదు, గడి దాటిపోతుంది, ఎవరైనా చూస్తున్నారేమోనని ఆయన గొంతు పెంచుతారు. ఇది అర్థమయ్యాక ఆయన సంతకం చేసేటప్పుడు నేను కంప్యూటర్ వైపు తిరిగి ఏదో టైప్ చేస్తున్నట్టు ఉంటాను.

బైబిలులో ఇలాంటి గమనింపులు ఎన్నో ఉన్నాయి, మనం పెద్ద అద్భుతాల కోసం చదువుతూ వాటిని దాటిపోతాం. యాయీరు కూతురిని బతికించాక యేసు ప్రభువు అక్కడున్నవాళ్లకు ఒక మాట చెప్పాడు, ఆ పిల్లకు తినడానికి ఏదైనా పెట్టమని. చావునుంచి లేచిన బిడ్డను చూసిన ఆశ్చర్యంలో ఆకలి ఎవరికీ తట్టలేదు, ఆయనకు తట్టింది. పునరుత్థానం తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున, రాత్రంతా వలలు వేసి అలసిన శిష్యులకు నిప్పుల మీద చేప, రొట్టె సిద్ధంగా పెట్టి రమ్మని పిలిచాడు. షూనేములో ఒక ఇల్లాలు తమ ఊరు మీదుగా వెళ్లే ఎలీషా ప్రవక్త కోసం మేడ మీద చిన్న గది కట్టించింది. అందులో మంచం, బల్ల, పీట, దీపస్తంభం. ఆ నాలుగు వస్తువుల జాబితా రాజుల గ్రంథంలో అలాగే ఉంది. దీపం దాకా ఆలోచించిన మనిషి ఆవిడ. పౌలు చెరసాల నుంచి తిమోతికి రాస్తూ త్రోయలో కర్పు దగ్గర వదిలేసి వచ్చిన అంగీ తెమ్మన్నాడు, చలికాలం రాకముందే రమ్మన్నాడు. అంత ఉత్తరంలో ఆ అంగీ సంగతి చదివి, మోసుకుని వెళ్లాల్సింది తిమోతి. మీకు తెలిసిన దైవసేవకులెవరైనా ఉంటే, ఉపన్యాసం బాగుందని మెచ్చుకునే బదులు వాళ్లకు ఏ అంగీ కావాలో కనుక్కోండి.

చేయడానికి ఏమీ లేనప్పుడు

కొన్నిసార్లు చేయగలిగింది భరించడమే. ప్రార్థన వేళ తెరేజమ్మకు దగ్గరగా కూర్చునే ఒక సిస్టర్ ఏదో వింత శబ్దం చేస్తుండేది, రెండు గవ్వలు ఒకదానికొకటి రాసినట్టు. తెరేజమ్మకు చెమటలు పట్టేంత చికాకు. వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తే ఆ సిస్టర్ ఆపేసేదే. చూడలేదు. వినకుండా ఉండటం కుదరదని తేలాక, ఆ శబ్దాన్నే శ్రద్ధగా, కచేరీ విన్నట్టు వినడం మొదలుపెట్టి, ఆ కచేరీనే దేవుడికి అర్పించింది. బట్టలు ఉతికేచోట ఎదురుగా ఉన్న సిస్టర్ ప్రతిసారీ మురికినీళ్లు మొహం మీద చిమ్ముతుంటే ముందు వెనక్కి జరిగి మొహం తుడుచుకోవాలనిపించిందట, ఆమెకు తెలిసివచ్చేలా. తర్వాత ఆ పని మానుకుంది.

నా పక్క సీటులో పెన్ను బటన్ నొక్కుతూ ఉండేవాళ్లు ఉన్నారు. కచేరీ అనుకోవడం నావల్ల కాలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. టిక్ అన్నప్పుడల్లా నాకు తెలిసిన జబ్బుమనుషుల్లో ఒకరి పేరు తలుచుకుంటాను. జాబితా పెద్దదే, పెన్నూ ఆగదు.

ఎవరికీ చెప్పకండి

కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పిన మాట మనకు కంఠతా వచ్చు. ఈ కాలంలో కుడిచేయి సాయం చేస్తుంటే ఎడమచేయి ఫోన్‌తో ఫొటో తీస్తోంది. ఫొటోలు తీయనివాళ్లకు ఇంకో ఉచ్చు ఉంది, సాక్ష్యం. "నేనేదో గొప్ప చేశానని కాదు గానీ" అని మొదలుపెట్టి అంతా చెప్పేస్తాం. దీనికి నాకు తెలిసిన మందు ఆలస్యం చేయడం. చెప్పాలనిపించిన రోజు చెప్పకండి. వారం ఆగండి. వారం తర్వాత కూడా ఎదుటివాళ్లకు పనికొస్తుందనిపిస్తే చెప్పవచ్చు. చాలాసార్లు అప్పటికి అంత చెప్పుకోదగ్గది కాదని మీకే తెలుస్తుంది.

సాయం అందుకున్న మనిషికి కూడా సగమే తెలిస్తే మంచిది. "నీ కోసం ఎంత తిరిగానో తెలుసా" అన్న ఒక్క వాక్యంతో సాయం అప్పుగా మారిపోతుంది.

పోగొట్టుకోవడంలో కూడా ఇది సాధన చేయవచ్చు. ఒక రాత్రి తెరేజమ్మ దీపాన్ని ఇంకో సిస్టర్ తనదనుకుని తీసుకుపోయింది. అది మఠంలో ఎవరూ మాట్లాడకూడని మౌనవేళ, కాబట్టి అడిగే వీలు లేదు. ఆ సాయంత్రం చేయాల్సిన పని ఉన్నా చీకట్లోనే కూర్చుంది. మంచి కూజా పోయి అంచు విరిగిన బరువైన కూజా తన గదికి వచ్చినప్పుడూ మాట్లాడలేదు. మన ఇళ్లలో చార్జర్, గొడుగు, ఫ్యాను కింద కుర్చీ ఇలా రోజూ పోతూనే ఉంటాయి. "నాది ఎవరు తీశారు" అన్న కేక ఒక్కపూట మింగి చూడండి.

ఎక్కడ ఆగాలి

ఇది లేకుండా ఈ దారి చెప్పడం ప్రమాదం, అందుకే కాస్త ఎక్కువసేపు చెబుతాను.

తెరేజమ్మ మఠంలో చేరిన కొత్తలో కిటికీ దగ్గర పెట్టిన ఒక చిన్న జాడీ పగిలింది. పగలగొట్టింది ఆమె కాదు. అయినా అధికారిణి ఆమెనే కోప్పడింది. నేను కాదని చెప్పుకోకుండా, ఆచారం ప్రకారం నేలను ముద్దుపెట్టుకుని, ఇకమీదట జాగ్రత్తగా ఉంటానని చెప్పింది. చిన్న విషయాల్లో నిర్దోషినని వాదించకుండా ఉండటం మంచి సాధన. జాడీ, ఆలస్యం, ఎవరో వదిలేసిన లైటు, ఇలాంటివి. కానీ మా కౌంటర్లో డబ్బు తేడా వస్తే నేను నోరు మూసుకుని ఒప్పుకోను. అక్కడ నా మౌనం వల్ల అసలు తప్పు చేసినవాళ్లు మళ్లీ చేస్తారు, ఇంకొకరు నష్టపోతారు. నిజం చెప్పడం కూడా ప్రేమే. కొట్టే మనిషిని, తాగి ఇల్లు గుల్ల చేసే మనిషిని, పిల్లల జోలికి వచ్చే మనిషిని "చిన్న తెరేజమ్మలా భరించు" అని ఎవరైనా చెబితే ఆ మాట వినకండి. ఎవరు చెప్పినా సరే. ఆమె భరించినవి మొహం మీద చిమ్మిన నీళ్లు, సణుగుళ్లు, చప్పుళ్లు. దెబ్బలకు సహాయం కోరాలి, బయటికి చెప్పాలి.

ఆమె కూడా ప్రతిసారీ నిలబడి భరించలేదు. ఒకసారి జబ్బుగా ఉన్న మఠాధ్యక్షురాలికి తాళాలు తిరిగి ఇవ్వడానికి వెళ్తుంటే, ఆవిడ నిద్ర చెడగొడతావని ఇంకో సిస్టర్ అడ్డుపడి తాళాలు తనకిమ్మంది. ఆ పెనుగులాట చప్పుడుకు ఆవిడ లేవనే లేచింది. తప్పంతా తెరేజమ్మ మీద పడింది. సమాధానం చెప్పుకోవాలని ఒళ్లు మండిపోతోంది, మాట్లాడితే శాంతి పోతుందని తెలుసు. ఏం చేసింది? పారిపోయింది. మెట్ల మీద కూర్చుంటే గుండె దడదడలాడిందట. ఓడిపోతానని తెలిసిన యుద్ధంలో నిలబడకుండా పారిపోవడమే తన చివరి ఉపాయమని ఆమె దాపరికం లేకుండా చెప్పింది. మీకూ ఒక మెట్టు చూసి పెట్టుకోండి. ఆఫీసులో నాకు స్టోర్ రూమ్ ఉంది. "ఒక్క నిమిషం, రిజిస్టర్ తెస్తాను" అని వెళ్తాను. రిజిస్టర్ నిజంగానే తెస్తాను కాబట్టి అబద్ధమూ కాదు.

ఇంకో హద్దు యాకోబు పత్రికలో ఉంది. బట్టలు లేక, తిండి లేక ఉన్నవాళ్లతో సమాధానంగా వెళ్లండి, చలి కాచుకోండి, తృప్తిగా ఉండండి అని మాట చెప్పి పంపితే ఏం ప్రయోజనం అని అడుగుతాడు. ఇవ్వాల్సిన జీతం ఇవ్వకుండా పనివాళ్లను చూసి చక్కగా నవ్వడం చిన్న మార్గం కాదు. ఇవ్వాల్సింది ముందు ఇవ్వండి, నవ్వు తర్వాత.

ఇంట్లో

బయట నవ్వి ఇంట్లో అరిచే భక్తి మనందరికీ తెలిసిందే. తెరేజమ్మ మారుమనసు అని చెప్పుకున్న సంఘటన కూడా ఇంట్లోదే, అదీ మెట్ల మీద జరిగిందే. అది 1886 క్రిస్మస్ రాత్రి, ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. అర్ధరాత్రి పూజ నుంచి వచ్చాక, పొయ్యి దగ్గర పెట్టిన చెప్పుల్లో పిల్లలకు బహుమతులు ఉంచడం వాళ్ల ఇంటి అలవాటు. అలసిపోయిన తండ్రి "పోనీలే, ఇదే ఆఖరి ఏడాది" అని విసుక్కోవడం ఆమె చెవిన పడింది. చిన్నదానికీ పెద్దదానికీ ఏడ్చే పిల్ల అది. ఆ రాత్రి మాత్రం కన్నీళ్లు మింగి, గబగబా కిందికి దిగి, ఏమీ విననట్టు సంతోషంగా బహుమతులు ఒక్కొక్కటే తీసింది. తండ్రి చికాకు కూడా పోయి నవ్వాడు. బయటివాళ్లు చూస్తే అక్కడ ఏమీ జరగలేదు. ఆమె మాత్రం తన జీవితం ఆ రాత్రి మలుపు తిరిగిందని చెప్పింది.

ఇంట్లో మొదలుపెట్టాలంటే ఇలాంటివే చూసుకోండి. అలసిన మనిషి నోటినుంచి జారిన మాటను విననట్టు వదిలేయడం, రాత్రికి తవ్వి తీయకపోవడం. పిల్లలకు నేర్పాలంటే చిన్నప్పుడు తెరేజమ్మ, అక్క సెలీన్ చేసిన పద్ధతి ఒకటుంది. జేబులో ఒక పూసల దండ. దేవుడి కోసం ఏదైనా వదులుకున్నప్పుడల్లా ఒక పూస జరపడం. పిల్లలకు ఆట బాగుంటుంది. పెద్దవాళ్లకు మాత్రం నేను సిఫారసు చేయను, మనం పక్కవాళ్ల పూసలు కూడా లెక్కపెడతాం.

ప్రార్థన ఎండిపోయినప్పుడు

చిన్న పనులు ప్రార్థనకు బదులు కాదు. రెండూ కలిసే నడవాలి. కాకపోతే ప్రార్థన బాగా సాగిన రోజే ప్రేమ చూపగలం అనుకోకండి. తెరేజమ్మకు ప్రార్థన వేళ నిద్ర వచ్చేసేది, ఏళ్ల తరబడి. నిద్రపోతున్నా మేలుకున్నా పిల్లలంటే తల్లిదండ్రులకు ఒకటే ముద్దు కదా అని ఊరుకుంది.

ఆఖరి ఏడాదిన్నర ఇంకా కష్టం. 1896లో పవిత్ర శుక్రవారం తెల్లవారకముందే ఆమెకు నోటినుంచి రక్తం పడింది. ఆ ఈస్టర్ రోజుల్లోనే విశ్వాసంలో గాఢమైన చీకటి కమ్మింది. పరలోకం ఉందన్న తలపు కూడా ఓదార్పు ఇవ్వకుండా పోయింది, అది చనిపోయేదాకా తొలగలేదు. పైన చెప్పిన కచేరీ, మురికినీళ్లు, తాళాల సంగతులన్నీ ఆమె రాసి పెట్టింది ఆ చీకట్లో ఉండగానే, 1897 జూన్ ప్రాంతంలో. కాబట్టి "నాకు దేవుడి సన్నిధి ఏమీ తెలియడం లేదు, నేను చేసేది భక్తేనా" అని టెన్షన్ పడేవాళ్లు ఉంటే, ఈ పనులు అనుభూతి ఉన్నవాళ్ల కోసం పెట్టినవి కావు. జబ్బు ముదిరాక, రోజూ తోటలో కాసేపు నడవమని నర్సు పనిచేసే సిస్టర్ చెప్పింది. అడుగు తీయడమే కష్టంగా ఉన్న ఆమెను చూసి కూర్చోమని అంటే, ఎక్కడో దూరాన అలసిపోయిన వేదప్రచారకుడి కోసం నడుస్తున్నానంది. వేదప్రచారానికి ఆమెను పాలక పునీతురాలిని చేయడం వెనక ఇలాంటి నడకలున్నాయి.

పని మధ్యలో ప్రార్థించడం తెలియనివాళ్లు బ్రదర్ లారెన్స్‌ను చూడవచ్చు. 17వ శతాబ్దంలో పారిస్‌లోని కార్మెల్ మఠంలో వంటగది ఆయనకు అప్పగించారు. వంటపనంటే ఆయనకు సహజంగానే అయిష్టం. అయినా అక్కడే ఏళ్లకేళ్లు పనిచేశాడు. పని మొదలుపెట్టేముందు దేవుడితో ఒక మాట, మధ్యలో ఒక మాట, అయ్యాక కృతజ్ఞత. పెద్ద ప్రార్థనలు కావు, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు. నేను టోకెన్ నంబర్ పిలిచే ముందు "ప్రభువా, వచ్చేది నువ్వే" అనుకుంటాను. మిక్కిలి అల్పులైన యీ నా సహోదరులలో ఒకనికి మీరు చేసితిరి గనుక నాకు చేసితిరి అన్న మత్తయి సువార్త 25వ అధ్యాయం మాటకు అది నా కురచ రూపం. రద్దీగా ఉన్న రోజు ప్రతి నంబరుకీ అనుకోవడం కుదరదు. గుర్తొచ్చిన నంబరు దగ్గర మళ్లీ మొదలు.

రాత్రి ఆత్మశోధనలో ఎన్ని చేశాను అని అడగకండి. ఈ రోజు ఎవరిని చూడకుండా దాటిపోయాను అని అడగండి. ఒక పేరు వస్తుంది. రేపటి పని అదే. పేరేమీ రాకపోతే పడుకోండి, దాని గురించి మథనపడక్కర్లేదు.

చివరిగా, ఎప్పుడు ఆ మనిషిని మార్చి ఇంకొకరిని ఎంచుకోవాలని అడుగుతారు. వాళ్లు మారినప్పుడు అని మాత్రం అనుకోకండి, అది జరగకపోవచ్చు. వాళ్ల గొంతు వినగానే మీ మొహం మారడం ఆగినప్పుడు ఇంకొకరిని తీసుకోవచ్చు. నాకు ఆ పెద్దాయన ఇంకా కొన్నాళ్లు ఉండేటట్టే ఉన్నారు. ఆయన వచ్చే రోజు ముందే తెలుసు కాబట్టి ఈసారి ఫారం పెద్ద అక్షరాల్లో, సంతకం గడి వెడల్పుగా పెట్టి ప్రింట్ తీసి ఉంచాను. పెన్ను సరిగ్గా రాయడం లేదన్నారు. పెన్ను మార్చి ఇచ్చాను.